ఎయిర్ రైఫిల్ స్క్రూలు: సరిజోడు, మర నష్టం

ఎయిర్ రైఫిల్ విడిభాగాల్లో అన్నిటికంటే చవకైనది స్క్రూ. అది పాడైతే కలిగే నష్టం మాత్రం దాని ధరకు పొంతన లేనిది. స్ప్రింగుతో పనిచేసే మామూలు రైఫిల్లో ఇనుప భాగాలన్నిటినీ చెక్క స్టాక్‌కు పట్టి ఉంచేవి మూడు నాలుగు స్క్రూలే. ముందు భాగంలో రెండు పక్కలా చెరొకటి అడ్డంగా దిగుతుంది, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో కింది నుంచి పైకి ఎక్కుతాయి. వీటికి తోడు సైట్ల స్క్రూలు, టెలిస్కోప్ మౌంట్ల స్క్రూలు, ట్రిగ్గర్ సర్దుబాటు స్క్రూలు ఉంటాయి. వీటిలో ఏది పోయినా దగ్గరి హార్డ్‌వేర్ దుకాణంలో ‘అలాంటిదే’ ఒకటి దొరుకుతుంది. చిక్కంతా ఆ ‘అలాంటిదే’ దగ్గర మొదలవుతుంది. స్క్రూ తల అరిగినా, రంధ్రంలో మర తెగినా, ఎక్కువ బిగించారని బలం మీద నింద వేయడం అలవాటు. బలానికి వాటా లేదని కాదు గానీ, పాడైన స్క్రూలను పరీక్షగా చూస్తే చాలాసార్లు బలం కన్నా ముందే ఒక పొరపాటు జరిగిపోయి ఉంటుంది. తలకు సరిపడని పనిముట్టు వాడి ఉంటారు, లేదా రంధ్రానికి సరిపడని మర ఎక్కించి ఉంటారు, లేదా లోతుకు మించిన పొడవు దించి ఉంటారు. అందువల్ల కొత్త స్క్రూ వెతకడాన్నీ ఉన్న స్క్రూను కాపాడుకోవడాన్నీ వేర్వేరు విద్యలుగా చూడనక్కర్లేదు. సరిగ్గా కొలవడం వచ్చినవారికి రెండూ వస్తాయి.

‘స్క్రూ పోయింది’ అనే మాట కింద రెండు వేర్వేరు నష్టాలు దాగి ఉంటాయి. మొదటిది తల నష్టం: స్క్రూడ్రైవర్ జారి గాడి అంచులు చెదురుతాయి, లేదా అలెన్ గుంట మూలలు అరిగి గుండ్రమవుతాయి. ఇందులో పోయేది స్క్రూ ఒక్కటే, దాన్ని బయటికి తీయగలిగితే కథ ముగిసినట్టే. రెండోది మర నష్టం: స్క్రూ చుట్లు గానీ, అది దిగే రంధ్రంలోని చుట్లు గానీ తెగిపోవడం. రంధ్రంలో మర పోతే పాడైంది రైఫిలే. గాలిని కుదించే సిలిండరుకు అతికిన దిమ్మెలోనో, అల్యూమినియం రిసీవర్లోనో ఉన్న రంధ్రాన్ని మార్చి కొత్తది పెట్టలేము. మర నష్టంలో మెలకువ అంతా ఒక్క విషయంలో ఉంది. తెగక తప్పనిదే అయితే తెగేది స్క్రూ కావాలి, రంధ్రం కాకూడదు. ఇంత తేలిక సూత్రాన్ని మంచి పనివాళ్లు కూడా తలకిందులు చేస్తుంటారు. అది ఎలాగో తర్వాత చూద్దాం.

అసలు ఈ స్క్రూలు పదేపదే ఎందుకు వదులవుతాయో తెలియకపోతే వాటిని పదేపదే బిగించే అలవాటు పోదు. స్ప్రింగు రైఫిల్ వెనక్కి తన్నేది ఒక్కసారి కాదు. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి కదులుతుంది. గొట్టం చివర కుదించుకుపోయిన గాలి పిస్టన్‌ను ఆపగానే రైఫిల్ ముందుకు కుదుపుకు లోనవుతుంది. ఇదంతా సెకనులో అతి చిన్న భాగంలో జరుగుతుంది. ఇనుప భాగం ఇలా ముందుకూ వెనక్కూ ఊగుతుంటే చెక్క స్టాక్ తన జడత్వంతో అక్కడే ఉండాలని చూస్తుంది. ఈ రెండింటి మధ్య నలిగేవి ముందు భాగంలో అడ్డంగా దిగిన రెండు స్క్రూలు. జర్మన్ ఇంజనీర్ గెర్‌హార్డ్ జుంకర్ 1969లో ప్రచురించిన ప్రయోగాలు ఇక్కడ అక్షరాలా వర్తిస్తాయి. స్క్రూను దాని పొడవు వెంట లాగి వదిలే కంపనం కన్నా, దాని పొడవుకు అడ్డంగా భాగాలను జరిపే కంపనం ఎంతో వేగంగా వదులు చేస్తుందని ఆయన చూపించాడు. అడ్డంగా జారిన ప్రతిసారీ మర చుట్ల మధ్య ఘర్షణ పట్టు క్షణం పాటు సడలుతుంది, స్క్రూ తనంతట తాను వెనక్కి తిరుగుతుంది. ఎయిర్ రైఫిల్ ముందు స్క్రూల మీద పడేది సరిగ్గా ఈ రకం భారమే. పైగా వాటి తలల కింద ఉన్నది చెక్క. వానాకాలంలో ఉబ్బి, ఎండల్లో కుంచించుకుపోయి, ఒత్తిడి కింద నెమ్మదిగా నలిగే పదార్థం అది. మంచి రైఫిళ్లలో స్క్రూ తల కింద లోహపు గిన్నె వాషరు ఉండడానికి కారణం ఇదే. ఆ వాషరు పోగొట్టుకున్న రైఫిల్లో ఎంత మంచి స్క్రూ వేసినా అది చెక్కలోకి దిగబడుతూనే ఉంటుంది. వదులైన ప్రతిసారీ బిగిస్తారు, బిగించిన ప్రతిసారీ తల కొంత అరుగుతుంది. చివరికి తల పోయినప్పుడు నింద ఆఖరిసారి బిగించిన చేతి మీద పడుతుంది.

ఇక మరల సంగతి. ఎయిర్ రైఫిల్ పరిశ్రమ ఒకే దేశంలో, ఒకే కొలమానంతో పెరగలేదు. జర్మనీలో డయానా రైఫిళ్ల కర్మాగారం 1890లో రాస్టాట్‌లో మొదలైంది. 1899లో పుట్టిన వైరౌహ్ సంస్థ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మెల్‌రిష్‌టాట్‌కు చేరింది. బ్రిటన్‌లో బీఎస్‌ఏ, వెబ్లీ సంస్థలు బర్మింగ్‌హామ్ ఇనుప పనుల సంప్రదాయంలోంచి వచ్చాయి. అమెరికాలో డెయిజీ, క్రాస్‌మన్ అంగుళాల లెక్కలో ఎదిగాయి. ఒక్కో చోట మర ప్రమాణం ఒక్కో రకం. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన బ్రిటిష్ మర కోణం 55 డిగ్రీలు. విలియం సెల్లర్స్ 1864లో ఫిలడెల్ఫియాలో ప్రతిపాదించిన అమెరికన్ మరది 60. గడియారాల వంటి చిన్న పనులకు స్విస్ థూరీ మర ఆధారంగా 1884లో బ్రిటిష్ అసోసియేషన్ కమిటీ రూపొందించిన బీఏ మరది 47.5. ఐరోపాలో 1898 జ్యూరిక్ సమావేశం నుంచి మెట్రిక్ మర 60 డిగ్రీలతో స్థిరపడింది. బ్రిటన్, అమెరికా, కెనడా 1948లో యూనిఫైడ్ మరకు ఒప్పుకున్నాయి. పాత బ్రిటిష్ రైఫిల్ మీద అమెరికన్ టెలిస్కోప్ మౌంటు, దానికి ఊరి దుకాణంలో కొన్న మెట్రిక్ స్క్రూ కలిసి కనిపించడం వింత కాదు. చరిత్ర మొత్తం ఒక్క రైఫిల్ మీద పోగుపడినట్టు ఉంటుంది.

ఈ ప్రమాణాలు ఒకదానికొకటి బాగా దూరంగా ఉంటే ప్రమాదమే లేదు, తప్పు స్క్రూ అసలు దిగేది కాదు. అవి దగ్గర దగ్గరగా ఉండడమే ముప్పు. మెట్రిక్ ఎం5 స్క్రూ వ్యాసం 5 మిల్లీమీటర్లు, ఒక చుట్టు నుంచి మరో చుట్టుకు దూరం, అంటే పిచ్, 0.8 మిల్లీమీటరు. అమెరికన్ 10-32 స్క్రూ వ్యాసం 4.83, పిచ్ 0.794. బ్రిటిష్ 2బీఏ వ్యాసం 4.7, పిచ్ 0.81. మూడింటినీ అరచేతిలో వేసుకుంటే కళ్లు తేడా చెప్పలేవు. ఎం5 రంధ్రంలోకి 10-32 స్క్రూ హాయిగా దిగుతుంది, కొంచెం లూజుగా అనిపిస్తుందంతే. కానీ ఒక్కో వైపు 0.09 మిల్లీమీటరు తక్కువ కాబట్టి, 0.43 మిల్లీమీటరు ఎత్తున్న మర పట్టులో దాదాపు అయిదో వంతు పోయినట్టే. మిగిలిన నాలుగు వంతుల మీదే బిగింపు అంతా పడుతుంది. తిరగేసి 10-32 రంధ్రంలోకి ఎం5ను ఎక్కిస్తే అది పాత మరను కోసుకుంటూ పోతుంది. ఎం4, 8-32 జంట ఇంకో రకం మోసం చేస్తుంది. 8-32 రంధ్రంలో ఎం4 స్క్రూ మూడు నాలుగు చుట్లు సాఫీగా తిరిగి ఆగిపోతుంది, ఎందుకంటే ఒక్కో చుట్టుకు 0.09 మిల్లీమీటరు తేడా పేరుకుంటూ వస్తుంది. ఆగిన చోట దుమ్ము అడ్డుపడిందనుకుని బలం పెట్టేవారే ఎక్కువ. అన్నిటికన్నా మాయదారి జంట 0బీఏ, ఎం6. రెండింటి వ్యాసమూ 6 మిల్లీమీటర్లే, పిచ్ 1 మిల్లీమీటరే. తేడా అంతా కోణంలో ఉంది. పావు అంగుళం బీఎస్‌ఎఫ్ అనే బ్రిటిష్ సన్న మరకూ, బ్రిటిష్ సైకిల్ మరకూ అంగుళానికి 26 చుట్లే. ఒకటి 55 డిగ్రీలు, ఇంకొకటి 60. ఇలాంటి చోట స్క్రూ చక్కగా దిగుతుంది గానీ మర వాలు వాలును నిండుగా తాకదు, అంచు మీద ఆనుతుంది. బిగించినప్పుడు ఆ అంచే నలుగుతుంది. కాబట్టి ‘దిగింది కదా’ అన్నది సరిజోడుకు రుజువుగా చెల్లదు.

అయితే కొలవాలి. వెర్నియర్ కాలిపర్ ఒక్కటే చాలదా అంటే, కొన్నిచోట్ల చాలదు. ఎం5 స్క్రూ అని పేరేగానీ మామూలు సహన పరిమితిలో తయారైన ఎం5 బయటి వ్యాసం 4.83 నుంచి 4.98 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 10-32 స్క్రూ గరిష్ఠంగా 4.80 దాకా ఉంటుంది. రెండు హద్దుల మధ్య మిగిలింది వెంట్రుక వాసి. అరిగిన స్క్రూ అయితే అదీ ఉండదు. పిచ్ గేజ్ తోడైతే మేలే గానీ, అయిదారు చుట్లున్న పొట్టి స్క్రూ మీద 0.8కీ 0.794కీ తేడా పట్టుకోవడం ఆ గేజ్ వల్ల కూడా కాదు. అందుకే అనుభవం ఉన్న పనివాళ్లు కొలతను ఒంటరిగా నమ్మరు, దానికి సాక్ష్యాలు జోడిస్తారు. రైఫిల్ ఏ దేశంలో ఏ కాలంలో తయారైంది? ఈ భాగం దానితో పుట్టినదా, తర్వాత వచ్చిందా? ప్రమాణం కచ్చితంగా తెలిసిన కొత్త నట్టులోకి పాత స్క్రూ చేతివేళ్లతో చివరిదాకా తిరుగుతుందా, తిరిగినప్పుడు పక్కకు ఊగుతుందా? ఈ నట్టు పరీక్ష రైఫిల్ రంధ్రం మీద చేసే పరీక్ష కన్నా నూరు రెట్లు క్షేమం, తప్పితే పోయేది నట్టే. టెలిస్కోప్ మౌంట్ల విషయంలో రైఫిల్ దేశాన్ని నమ్మకూడదు, మౌంటు దేశాన్ని చూడాలి. జర్మన్ రైఫిల్ మీద కూర్చున్న అమెరికన్ మౌంటులో 6-32, 8-32 అంగుళాల మరలే ఉంటాయి.

పొడవు కొలిచే తీరులోనూ ఒక మెలిక ఉంది. తల బయటికి కనిపించే స్క్రూల పొడవును తల కింది నుంచి కొలుస్తారు, చెక్కలోకి దిగిపోయే కౌంటర్‌సంక్ స్క్రూ పొడవును తలతో కలిపి కొలుస్తారు. 20 మిల్లీమీటర్ల స్క్రూ అడిగి తెచ్చి మూడు మిల్లీమీటర్లు పొట్టిదని తిట్టుకోవడం ఇక్కడినుంచే వస్తుంది. పొట్టిదైతే మర పట్టు తగ్గుతుంది. పొడుగుదైతే అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే ట్రిగ్గర్ గార్డు స్క్రూ అవసరానికి మించి లోపలికి పోతే ట్రిగ్గర్ భాగాలకు తగిలి వాటి కదలికకు అడ్డం పడవచ్చు. అడుగు మూసి ఉన్న రంధ్రంలో పొడుగు స్క్రూ అడుగుకు తగిలి ఆగిపోతుంది, తల మాత్రం ఇంకా భాగాన్ని పట్టదు. బిగిసిందన్న భ్రమ కలుగుతుంది గానీ బిగింపు ఉండదు. కౌంటర్‌సంక్ తల కోణం కూడా చూసుకోవాలి. మెట్రిక్ తలలు 90 డిగ్రీలు, అమెరికన్ తలలు 82. ఒకదాని గుంటలో మరొకటి కూర్చుంటే సన్నని అంచు మీద ఆనుతుంది. పాత జర్మన్ రైఫిళ్ల మీద కనిపించే ఉబ్బెత్తు తల, ఒంటి గాడి స్క్రూ ఇప్పుడు దుకాణాల్లో అరుదు గానీ, ఐఎస్‌ఓ 2010 సంఖ్య చెబితే ఇండస్ట్రియల్ ఫాస్టెనర్ల వ్యాపారులు తెప్పించగలరు.

తల నష్టానికి వచ్చేసరికి పనిముట్టే అసలు ముద్దాయి. ఒంటి గాడి స్క్రూకు ఇంట్లో వాడే స్క్రూడ్రైవర్ మొన వాలుగా పలచబడుతూ వస్తుంది. గాడి గోడలు నిటారుగా ఉంటాయి. కాబట్టి మొన గాడి పైఅంచుల్నే తాకుతుంది, తిప్పగానే వాలు వెంట పైకి ఎక్కి జారుతుంది. తుపాకుల మరమ్మతు చేసేవాళ్లు వాడే స్క్రూడ్రైవర్ మొనను రెండు పక్కలా గుల్లగా సానపట్టి, చివర మందం గాడి అంతటా ఒకేలా ఉండేట్టు చేస్తారు. వెడల్పు తల వ్యాసానికి సమానంగా, మందం గాడికి సరిగ్గా ఉంటే ఎంతో మొరాయించే స్క్రూ కూడా గీత పడకుండా వస్తుంది. ప్లస్ గాడిలో మోసం ఇంకా సూక్ష్మం. హెన్రీ ఫిలిప్స్ 1930లలో ప్రచారంలోకి తెచ్చిన గాడి, 1960లలో వచ్చిన పోజిడ్రైవ్, జపాన్ ప్రమాణపు గాడి పైకి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని మొన ఇంకొకదానిలో పూర్తిగా కూర్చోదు. మన దుకాణాల్లో స్టార్ అంటే ప్లస్ స్క్రూడ్రైవరే ఇస్తారు. మౌంట్ల మీద కనిపించే ఆరు రేకుల గాడికి టార్క్స్ అనే అడగాలి, టీ10, టీ15 అని సంఖ్య కూడా చెప్పాలి. అలెన్ గుంటల్లో అంగుళాల తాళాలూ మెట్రిక్ తాళాలూ కలిసిపోవడం అన్నిటికన్నా సాధారణమైన తప్పు. 5/64 అంగుళం అంటే 1.98 మిల్లీమీటర్లు, 2 మిల్లీమీటర్ల గుంటలో దానితో ఇబ్బంది ఉండదు. 3/32 అంటే 2.38, 2.5 గుంటలో పెడితే 0.12 మిల్లీమీటరు ఖాళీ. అంత చిన్న గుంటకు ఆ ఖాళీ చాలు, తాళం మూలలు గుంట గోడల మీదికెక్కి వాటిని గుండ్రం చేసేస్తాయి. చివర గోళీలా చెక్కిన తాళాన్ని వాలుగా పెట్టి తిప్పడం సౌకర్యమే గానీ, మొదటి వదులుకూ ఆఖరి బిగింపుకూ దాన్ని వాడకూడదు.

ఇక్కడ బలం పక్షాన ఒక అభ్యంతరం వస్తుంది. జోడు సరిగ్గా ఉన్నా మితిమీరి బిగిస్తే మర పోదా, అందువల్ల టార్క్ రెంచి కొనుక్కోవడమే పరిష్కారం కాదా అని. మొదటి సగం నిజం. ఎం4 తరగతి 8.8 స్క్రూ తట్టుకునే బిగింపు సుమారు 3 న్యూటన్ మీటర్లు. ఆరు సెంటీమీటర్ల అలెన్ తాళం చివర పది కిలోల బలంతో నొక్కితే వచ్చేది దాదాపు 6. అంటే మామూలు మనిషి చేతికే రెట్టింపు శక్తి ఉంది. అందుకే మౌంట్ రింగుల చిన్న స్క్రూలకు తయారీదారులు తరచుగా సుమారు 2 న్యూటన్ మీటర్లే చాలంటారు. కానీ టార్క్ రెంచి కొలిచేది తిప్పే శక్తిని, స్క్రూ పట్టే బిగింపును కాదు. తిప్పే శక్తిలో దాదాపు తొంభై శాతం తల కిందా మరల మధ్యా ఘర్షణకే ఖర్చవుతుంది, బిగింపుగా మారేది పది శాతం. మరకు నూనె రాస్తే ఘర్షణ తగ్గి, అదే 2 న్యూటన్ మీటర్లకు బిగింపు మూడో వంతు దాకా పెరగవచ్చు. మర జోడు తప్పి గీరుకుంటూ తిరిగితే, రెంచి టిక్కుమన్నా బిగింపు ఉండదు. అంటే రెంచి చెప్పే అంకెకు అర్థం రావాలన్నా ముందు సరైన స్క్రూ, శుభ్రమైన మర ఉండాలి. చెక్క స్టాక్ స్క్రూల మీద టార్క్ అంకెలను గుడ్డిగా నమ్మడం అంత మంచిది కాదు కూడా. అక్కడ బిగింపును నిర్ణయించేది చెక్క ఎంత నలుగుతుందన్నది. రెండు ముందు స్క్రూలనూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి సమానంగా బిగించడం అంకె కన్నా ముఖ్యం.

రెండో అభ్యంతరం మరింత ఆకర్షణీయంగా ఉంటుంది: పాడవకుండా ఉండాలంటే ఎంత గట్టి స్క్రూ దొరికితే అంత గట్టిది వేస్తే సరి. ముందు చెప్పిన సూత్రం తలకిందులయ్యేది ఇక్కడే. స్క్రూ తల మీద 8.8 అని ఉంటే దాని తెగే బలం చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్లు, 12.9 అని ఉంటే 1200కు పైన. ఎం4 స్క్రూను మామూలు 6061 రకం అల్యూమినియంలో నాలుగు మిల్లీమీటర్ల లోతున ఎక్కించామనుకుందాం. ఉజ్జాయింపు లెక్కలో ఆ అల్యూమినియం మర 7,700 న్యూటన్ల దగ్గర తెగుతుంది. 8.8 స్క్రూ 7,000 దగ్గర తెగుతుంది, 12.9 స్క్రూ 10,500 దాటాక. మొదటి జోడీలో పోయేది స్క్రూ, రెండో జోడీలో పోయేది రైఫిల్. గట్టి స్క్రూకు ఒక్క నిజమైన లాభం ఉంది, దాని అలెన్ గుంట అంత త్వరగా అరగదు. ఆ లాభం కావాలంటే మర లోతును పెంచాలి. ఉక్కులో కనీసం వ్యాసమంత, అల్యూమినియంలో ఒకటిన్నర రెట్లు, జింకు పోత భాగాల్లో రెండు రెట్లు అన్నది పాత నియమం. స్టెయిన్‌లెస్ స్క్రూల మోజు గురించీ ఇక్కడే చెప్పాలి. తుప్పు పట్టవు, చూడ్డానికి బాగుంటాయి. కానీ ఏ2-70 రకం 8.8 కన్నా ముందే సాగిపోతుంది, స్టెయిన్‌లెస్ రంధ్రంలో స్టెయిన్‌లెస్ స్క్రూ అతుక్కుని బిగుసుకుపోతుంది. విశాఖ, కాకినాడల వంటి ఉప్పుగాలి ఊళ్లలో అల్యూమినియం రిసీవర్లోని స్టెయిన్‌లెస్ స్క్రూ చుట్టూ అల్యూమినియమే తినుకుపోతుంది. అక్కడ మరకు పలచగా గ్రీజు పూయకుండా స్టెయిన్‌లెస్ వేయకపోవడమే మేలు. తల ఆకారంలోనూ జాగ్రత్త కావాలి. ఎం4 గుండ్రటి బటన్ తలకు 2.5 తాళం, నిలువు తలకు 3 తాళం. తాళం ఓర్చే శక్తి దాని కొలత ఘనంతో పెరుగుతుంది కాబట్టి, అందంగా ఉందని బటన్ తల వేస్తే తాళం శక్తి నలభై శాతం పైగా తగ్గినట్టే.

వదులయ్యే సమస్యకు లాక్‌టైట్ వంటి మర జిగురు మందు అనుకునేవారు చాలామంది. కనెక్టికట్‌లోని ట్రినిటీ కాలేజీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ 1953లో తయారుచేసిన ఈ రకం జిగురు గాలి తగలని చోట, లోహం తాకిడితో గట్టిపడుతుంది. మరలో ఖాళీలను నింపి అడ్డ కదలికను ఆపుతుంది గనుక జుంకర్ చూపిన జబ్బుకు ఇది నిజంగానే పనిచేస్తుంది. జుంకర్ తరహా పరీక్షల్లో మామూలు స్ప్రింగ్ వాషర్లు అంతగా పనిచేయలేదు. అయితే రంగు చూసి వాడాలి. చిన్న స్క్రూలకు ఊదా రంగు, స్టాక్ స్క్రూలకు మహా అయితే నీలం. ఎర్రది పోస్తే విప్పడానికి 250 డిగ్రీల వేడి కావాలి, చెక్క పక్కన అది కుదరని పని. నూనె ఉన్న మరలో జిగురు పట్టదు, కొన్ని ప్లాస్టిక్ స్టాక్‌లకు తగిలితే పగుళ్లు తెస్తుంది. దీన్ని మరమ్మతు మందుగా వాడడం తప్పు. తెగిన మరను జిగురు పట్టి ఉంచదు, నష్టాన్ని కొన్నాళ్లు దాచిపెడుతుంది.

సరిజోడు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు మొదటి జవాబు తయారీదారు భాగాల పటమే. ప్రతి స్క్రూకూ అందులో ఒక సంఖ్య ఉంటుంది. అది చాలదనే అభ్యంతరమూ ఉంది: పాత నమూనాలకు భాగాలు రావు, కొన్ని సంస్థలే మూతపడ్డాయి, ఒకే పేరున్న రైఫిల్లో ఏళ్లు మారేకొద్దీ మరలు మారాయి. అది నిజమే గనుక పటం ఉన్నా కొలత తప్పదు. భారతదేశంలో తయారైన రైఫిళ్లకు ఈ బాధ తక్కువ. 1956 చట్టం తర్వాత దేశం మెట్రిక్‌కు మారింది, ఐఎస్ 4218 మెట్రిక్ మరలకూ, ఐఎస్ 1367 స్క్రూల బలం తరగతులకూ, ఐఎస్ 2269 అలెన్ తల స్క్రూలకూ ప్రమాణాలు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ తరగతి గుర్తు ఉన్న టీవీఎస్, అన్‌బ్రాకో వంటి పేరున్న మెట్రిక్ స్క్రూలు అడిగి తీసుకోవచ్చు. గుర్తు లేని స్క్రూను రూపాయి తక్కువకు కొనడంలో లాభం లేదు. బీఏ, విట్‌వర్త్ మరలు కావాలంటే బ్రిటన్‌లో పాత మోటారుసైకిళ్లు, మోడల్ ఇంజన్ల వారికి అమ్మే వ్యాపారులే దిక్కు. లేదంటే మంచి టర్నర్ చేత లేత్ మీద చేయించాలి. పోటీల రైఫిళ్ల సంగతి వేరు. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల విభాగంలో వాడే రైఫిళ్లకు చెంప దిమ్మె, భుజానికి ఆనే పలక, బరువులు అన్నీ అలెన్ స్క్రూలతో సర్దుకునేవే. తరచూ విప్పి బిగించే ఆ స్క్రూల్లో అరిగేది తాళం గుంటే, కాబట్టి అరిగిన తాళాన్ని పారేయడం స్క్రూను మార్చడం కన్నా చవక.

తల పోయిన స్క్రూను బయటికి తీయడంలో వరుస తప్పకూడదు. మొదట రైఫిల్లో పెల్లెట్ లేదనీ, స్ప్రింగు ఎక్కించి లేదనీ, గాలి నింపే రకమైతే గాలి పూర్తిగా వదిలేశారనీ చూసుకోవాలి. తర్వాత వేడి: టంకం కడ్డీ మొనను తల మీద కొన్ని నిమిషాలు ఆన్చితే జిగురు మెత్తబడుతుంది. తుప్పు వదిలించే నూనెల విషయంలో ఎయిర్ రైఫిల్‌కు ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. సిలిండరులోకి ఇంకిన పెట్రోలియం నూనె, గాలి హఠాత్తుగా కుదించుకుపోయినప్పుడు పుట్టే వేడికి డీజిల్ ఇంజనులో లాగే మండుతుంది. స్టాక్ నుంచి ఇనుప భాగం విడిపోయాక, సిలిండరు వైపు పోని చోట మాత్రమే ఆ నూనె వాడాలి. అప్పటికీ కదలకపోతే ఎడమ వైపు తిరిగే డ్రిల్ బిట్టుతో తల మధ్యలో తొలిస్తే, తొలిచే బలమే చాలాసార్లు స్క్రూను వెనక్కి తిప్పేస్తుంది. స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్‌ను చివరికి ఉంచాలి. అది గట్టి ఉక్కు, లోపల విరిగితే దాన్ని తొలిచే బిట్టు ఇంట్లో ఉండదు.

రంధ్రంలో మర పోయిన చోట పరిష్కారాలు మూడు. పక్క కొలతకు పెద్ద ట్యాప్ కొట్టించడం, తీగ చుట్టతో చేసిన హెలికాయిల్ వేయించడం, దిమ్మెను పూర్తిగా పూడ్చి కొత్తగా తొలిపించడం. ఎం5 హెలికాయిల్‌కు 5.2 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. చుట్టూ అంత లోహం ఉంటే అల్యూమినియంలో అదే ఉత్తమం, ఉక్కు చుట్ట మొదటి మర కన్నా గట్టిగా ఉంటుంది. పాత బ్రిటిష్ రైఫిల్లోని 2బీఏను ఎం5గా మార్చేద్దామనే సలహా తరచుగా వినిపిస్తుంది. వాడకానికి ఉంచుకున్న రైఫిల్లో ఇది తప్పు కాదు. రెండింటి పిచ్ దాదాపు ఒకటే కాబట్టి ట్యాప్ పాత మర వెంటే పోతుంది, కొంత పాత వాలు మిగిలినా పట్టు బాగానే ఉంటుంది. కానీ సేకరణ విలువ ఉన్న రైఫిల్లో ఆ పని చేస్తే మళ్లీ వెనక్కి రాదు, రంధ్రం పెద్దదయ్యాక అసలు స్క్రూ దొరికినా నిలవదు. చెక్కలో దిగే స్క్రూలకు ఇంత హంగామా అక్కర్లేదు. రంధ్రాన్ని జిగురు పూసిన గట్టి కర్ర ముక్కతో నింపి కొత్తగా తొలిస్తే సరి.

ఈ వాదన అంతా స్టాక్, సైట్లు, మౌంట్ల స్క్రూలకు సంబంధించినది. గాలిని ముందే సిలిండరులో నింపి ఉంచే పీసీపీ రైఫిళ్లలో కొన్ని స్క్రూలు పీడనాన్ని నేరుగా మోస్తాయి, లేదా పీడనం మోసే మూతలను పట్టి ఉంచుతాయి. 25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న గొట్టంలో 200 బార్ గాలి ఉంటే చివరి మూత మీద పడే తోపు 9,800 న్యూటన్లు, అంటే దాదాపు ఒక టన్ను. ఆ స్క్రూల సంఖ్య, లోహం, లోతు తయారీదారు లెక్కగట్టి పెట్టినవి. కొలతలో సరిపోయినా బయటి స్క్రూ అక్కడ సరిజోడు కాదు, తరగతి పెంచడం కూడా కుదరదు. స్ప్రింగు రైఫిల్లో వెనక మూతను పట్టి ఉంచే పిన్నులూ స్క్రూలూ ఈ కోవకే చెందుతాయి, వాటి వెనక స్ప్రింగు ఒత్తుకుని ఉంటుంది, స్ప్రింగ్ కంప్రెసర్ బిగించకుండా విప్పితే మూత మనిషి మీదికి దూకుతుంది. ఇలాంటివి అరిగినా మర జారినా తయారీదారు భాగాల సంఖ్యతో తెప్పించి, ఆ పనిలో శిక్షణ ఉన్నవారి చేతే మార్పించాలి.